ఇంజన్ విప్పే ముందు ఒక గొట్టం, కొద్దిగా నీళ్లు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రవాణా శాఖ కమిషనర్లకు బహిరంగ లేఖ



కారు ఇంజన్ విప్పాలా వద్దా అన్న పెద్ద నిర్ణయం మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా షెడ్లలో ఒక మూత తీసి చూడటంతోనే తేలిపోతోంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తారు. లోపలి నుంచి గాలి, పొగ ఎగదన్నుతుంటే 'బ్యాక్ కంప్రెషన్ వస్తోంది, రింగులు పోయాయి, బోరు చేయించాలి' అంటారు. పొగ కళ్ల ముందే కనిపిస్తుంటే బండి యజమాని ఎదురు ప్రశ్న ఏం వేస్తాడు? అప్పు చేసైనా సరే అని ఒప్పుకుంటాడు. ఆ పొగ అసలు ఏ దారిన వెళ్లాలి, ఆ దారి తెరిచి ఉందా మూసుకుపోయిందా అన్నది మాత్రం ఎవరూ చూడరు. ఆ దారినే క్రాంక్‌కేస్ వెంటిలేషన్ అంటారు. దాన్ని కొలిచి చూడటం మెకానిక్కులకు అలవాటు కావాలని, మీ శాఖ తనిఖీల్లో దానికి చోటు దొరకాలని అడగడానికే ఈ లేఖ. నేను ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు బోధించి రిటైరైనవాణ్ని. అనవసరంగా విప్పిన ఇంజన్లను చాలా చూశాను. చూసి ఊరుకోలేకే రాస్తున్నాను.

ఎంత కొత్త ఇంజన్‌లోనైనా సిలిండరులో మండిన వాయువు కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, క్రాంక్ షాఫ్టు తిరిగే గదిలోకి జారుతుంది. దీన్నే బ్లో-బై అంటారు. వేడికి సాగే రింగు బిగుసుకుపోకుండా దాని రెండు కొనల మధ్య కాస్త ఎడం ఉంచక తప్పదు కాబట్టి ఈ జారుడు ఎప్పటికీ పూర్తిగా ఆగదు. ఆ వాయువులో కాలీ కాలని పెట్రోలు ఆవిరి, నీటి ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. బయటికి దారి లేకపోతే గదిలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ నీరూ, దానిలో పుట్టే ఆమ్లాలూ ఆయిల్‌తో కలిసి దాన్ని నల్లటి మడ్డిగా మారుస్తాయి. మడ్డి చేరేకొద్దీ ఉన్న దారి కూడా పూడిపోతుంది.

అందుకే పెట్రోలు ఇంజన్‌లో ఒక ఏర్పాటు ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు డబ్బా నుంచి ఒక గొట్టం శుభ్రమైన గాలిని టాపెట్ కవర్‌లోకి తెస్తుంది. ఆ గాలి కింది గదిని చుట్టి, అక్కడి ఆవిర్లను కలుపుకొని, పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) వాల్వు గుండా ఇన్‌టేక్ మానిఫోల్డులోకి పోయి మళ్లీ సిలిండరులో మండుతుంది. వాల్వులో ఒక చిన్న ప్లంజరు, స్ప్రింగు ఉంటాయి. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు మానిఫోల్డులో పీల్చే బలం ఎక్కువ. ఆ బలానికి ప్లంజరు ముందుకు జరిగి దారిని సన్నం చేస్తుంది. బండి సాఫీగా పరుగెడుతుంటే ఆ బలం తగ్గి దారి వెడల్పవుతుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డు దాదాపు ఏమీ పీల్చలేదు. అప్పుడు మిగులు ఆవిరి గాలి వచ్చిన గొట్టంలోనే వెనక్కి తిరిగి ఫిల్టరు డబ్బా మీదుగా ఇంజన్‌లోకి చేరుతుంది. మానిఫోల్డులో మంట ఎదురుతంతే వాల్వు మూసుకొని ఆ మంటను కింది గదిలోకి పోనివ్వదు. కొత్త కార్లు చాలావాటిలో ప్లంజరు బదులు ఒక పల్చటి రబ్బరు డయాఫ్రం టాపెట్ కవర్‌లోనే అమర్చి వస్తోంది. డీజిల్ ఇంజన్‌కి మానిఫోల్డులో పీల్చే బలం లేదు కాబట్టి అక్కడ ఆయిల్ తుంపరను వేరుచేసే భాగం, ఒత్తిడిని అదుపు చేసే డయాఫ్రం ఉంటాయి. ఆవిరి టర్బో ముందరి గొట్టంలోకి పోతుంది.

ఒకప్పుడు ఇవేవీ లేవు. ఇంజన్ నుంచి కిందికి వేలాడే ఒక ఇనుప గొట్టం ఉండేది. బండి ముందుకు పోతుంటే గొట్టం కొస పక్కగా వీచే గాలి లోపలి ఆవిరిని లాగి రోడ్డు మీద వదిలేది. బండి ఆగితే ఆ లాగుడూ ఆగేది. లాస్ ఏంజెలెస్ ఆకాశాన్ని కమ్మిన పొగమంచుకు వాహనాల హైడ్రోకార్బన్లు ముఖ్య కారణమని 1950ల మొదట్లో రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ చూపించిన తర్వాత ఈ గొట్టం మీద దృష్టి పడింది. ఏ నియంత్రణా లేని కారు వదిలే హైడ్రోకార్బన్లలో దాదాపు ఐదో వంతు సైలెన్సరు నుంచి కాకుండా ఈ దారిలోనే పోతోందని తేలింది. 1961లో కాలిఫోర్నియా పీసీవీని తప్పనిసరి చేసింది. అమెరికాలో వాహన కాలుష్యం మీద చట్టం తెచ్చిన మొట్టమొదటి సాధనం అదే. కాటలిటిక్ కన్వర్టరు దాని తర్వాత పదేళ్లకు పైగా గడిచాక వచ్చింది.

మన దేశంలో కూడా పెట్రోలు, గ్యాసు కారు ఏదైనా అమ్మకానికి రాకముందు ఈ ఏర్పాటును పరీక్షించాల్సిందే. ఉద్గారాల ఆమోద పరీక్షల్లో టైప్ 3 అన్నది ఇదే. ఐరోపా నిబంధనల్లో ఆ పరీక్ష రాసిన తీరు చదివితే అదెంత తేలికో అర్థమవుతుంది. ఆయిల్ గేజి పుల్ల పెట్టే రంధ్రం దగ్గర వాలు గొట్టపు మానోమీటరుతో క్రాంక్‌కేసులో ఒత్తిడి కొలవాలి. ఒకసారి ఐడిల్‌లో, తర్వాత గంటకు 50 కిలోమీటర్ల వేగంలో, ఆపై అదే వేగంలో ఎక్కువ భారం మీద. ఏ స్థితిలోనూ లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిని మించకూడదు. మించితే తయారీదారు ఇంకో పరీక్ష కోరవచ్చు. దాదాపు 5 లీటర్లు పట్టే సంచిని గేజి రంధ్రానికి తగిలించి 5 నిమిషాలు ఉంచుతారు. సంచి కంటికి కనిపించేలా ఉబ్బకూడదు. ఇందులో కంప్యూటరు లేదు, ఖరీదైన యంత్రం లేదు. ఒక గొట్టం, కొద్దిగా ద్రవం, కాదంటే ఒక సంచి.

కారు రోడ్డు మీదికి వచ్చాక ఇక దాని జీవితకాలమంతా ఈ కొలత మళ్లీ ఎవరూ తీయరు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేచోట సైలెన్సరులో గొట్టం దూర్చి పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిల్ బండికి పొగ చిక్కదనం చూస్తారు. బానెట్ ఎత్తే పనే లేదు. కాబట్టి బ్రీదరు పైపు, అంటే ఈ ఆవిరి పోయే గొట్టం, ఊడదీసి, ఆవిరంతా ఇంజన్ పక్కనే గాలిలోకి వదిలేస్తున్న కారు కూడా చక్కగా పాసవుతుంది. 15 ఏళ్లు నిండిన సొంత కారు రీ-రిజిస్ట్రేషన్‌కు వచ్చినప్పుడు, అద్దె కారు ఫిట్‌నెస్‌కు వచ్చినప్పుడు బ్రేకులు, లైట్లు, టైర్లు చూస్తున్నారు. చూడాల్సిందే. ఈ గొట్టం ఉన్నదో లేదో మాత్రం ఎవరి కంటా పడదు.

దీని వల్ల జరిగే నష్టం ఎవరి మీద పడుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. మా కాలనీలో అద్దె కారు నడుపుకొనే ఒక అబ్బాయి ఉన్నాడు. సీఎన్‌జీ బండి. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య నుంచి ఆయిల్ కారుతోందని ఒక షెడ్డుకు తీసుకెళ్తే గేర్‌బాక్సు దింపి క్రాంకు వెనక సీలు మార్చారు. కొన్నాళ్లకే కొత్త సీలూ కారింది. ఈసారి ఆయిల్ మూత తీసి చూపించి బోరుకొచ్చిందన్నారు. ఆ ఎస్టిమేటు కాగితం పట్టుకొని 'మాస్టారూ, బండి అమ్మేయమంటారా?' అని నా దగ్గరికి వచ్చాడు. టాపెట్ కవర్ నుంచి మానిఫోల్డుకు వెళ్లే పైపు ఊడదీస్తే లోపల మడ్డి గట్టిపడి పెన్సిలు దూరే సందు కూడా లేదు. వాల్వు కదలడం లేదు. గేజి గొట్టానికి నీళ్ల గొట్టం తగిలించి ఇంజన్ రేస్ చేస్తే నీళ్లు బయటివైపుకు తోసుకొచ్చాయి. వాల్వు, పైపు, వాల్వు కూర్చునే రబ్బరు బుష్ కొత్తవి వేసి, కవర్ లోపలి దారి కడిగి, మళ్లీ కొలిస్తే నీళ్లు ఇంజన్ వైపుకు వాలాయి. దెబ్బతిన్న సీలు ఇంకొకటి వేయించాడు. ఆ ఇంజన్ విప్పాల్సిన అవసరమే రాలేదు. ఆ సామాను ఖరీదు వందల్లో ఉంటుంది. ఇంజన్ పని వేలల్లో మొదలై లక్ష దాకా పోతుంది. ఆ తేడా ఆ అబ్బాయి పిల్లల చదువు డబ్బు.

ఆయిల్ సీలు ఆయిల్ తుంపరను ఆపడానికి చేసిన సన్నని రబ్బరు పెదవి మాత్రమే. ఒత్తిడిని ఆపే శక్తి దానికి లేదు. లోపల ఒత్తిడి పెరిగితే ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్ బయటపడుతుంది. టాపెట్ కవర్ ప్యాకింగు దగ్గర, ఆయిల్ చాంబర్ అంచుల దగ్గర, క్రాంకు ముందు వెనక సీళ్ల దగ్గర. ఒక్కోసారి గేజి పుల్లే పైకి లేచి కూర్చుంటుంది. అందుకే ఒకే కారుకు రెండు మూడు చోట్ల ఒకేసారి ఆయిల్ కారుతుంటే సీళ్లన్నీ ఒకేనాడు పోయాయని నమ్మకండి. మొదట బ్రీదరు చూడండి. కొత్త సీలు కొన్నాళ్లకే కారినా చూడాల్సింది దాన్నే.

టర్బో డీజిల్ బళ్ల సంగతి ఇంకా బాధాకరం. టర్బో బేరింగుల్లోకి ఆయిల్ ఒత్తిడితో వస్తుంది కానీ తిరిగి వెళ్లేటప్పుడు కేవలం తన బరువుతో కిందికి, క్రాంక్‌కేసులోకి జారుతుంది. అక్కడ ఒత్తిడి ఎక్కువగా ఉంటే ఆ ఆయిల్ కిందికి దిగలేదు. దిగలేక టర్బో సీళ్లు దాటి ఇంటర్‌కూలరు గొట్టాల్లోకి, సైలెన్సరులోకి పోతుంది. నీలం పొగ వస్తుంది. గొట్టం విప్పి ఆయిల్ చూపించి 'టర్బో పోయింది' అంటారు. కొత్త టర్బో వేస్తారు. అదీ ఆయిల్ కొడుతుంది. అప్పుడు 'డూప్లికేట్ సరుకు వచ్చింది' అంటారు. బ్రీదరు దారిని ఎవరూ ముట్టుకోరు. ఇంటర్‌కూలరు గొట్టంలో పల్చటి ఆయిల్ పూత ఉండటం మామూలేనన్న సంగతి కూడా చాలామంది యజమానులకు చెప్పేవారు లేరు.

ఇంతవరకూ చెప్పింది దారి మూసుకుపోతే వచ్చే కష్టం. దారి అవసరానికి మించి తెరుచుకున్నా కష్టమే, పైగా దాన్ని పట్టుకోవడం కష్టం. ప్లంజరు తెరుచుకున్నచోటే బిగిసిపోయినా, డయాఫ్రం చిరిగినా, పైపు పగిలినా లెక్కలో లేని గాలి మానిఫోల్డులోకి చేరుతుంది. ఐడిల్ ఎగుడుదిగుడవుతుంది, సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంది. స్కానరులో పీ0171 అని, అంటే పెట్రోలు చాలడం లేదన్న కోడు వస్తుంది. దాంతో ఇంజెక్టర్లు కడుగుతారు, ఆక్సిజన్ సెన్సరు మారుస్తారు, పెట్రోలు పంపు మారుస్తారు. ఇక్కడ స్కానరే ఒక ఆధారం ఇస్తుంది. ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు మోతాదుకు కంప్యూటరు చేసే సవరణ) అంకెలు బాగా పెరిగి, 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వస్తుంటే ఎక్కడో గాలి లీకు ఉందని అర్థం. పెట్రోలు పంపు బలహీనమైతే ఇందుకు విరుద్ధంగా, వేగం పెరిగేకొద్దీ ఆ అంకెలు పెరుగుతాయి. డయాఫ్రం చిరిగిన ఇంజన్ ఈలలాంటి చప్పుడు చేస్తుంది. ఆయిల్ మూత లోపలికి పీల్చుకొని తీయడానికి గట్టిగా ఉంటుంది. తీసిన వెంటనే ఈల ఆగి ఐడిల్ తీరే మారిపోతుంది. అంత గట్టిగా పీల్చే ఇంజన్ ఆయిల్‌ను కూడా లాగి తగలబెడుతుంది. అప్పుడు కూడా నేరం రింగుల మీదే పడుతుంది.

కొలిచే పద్ధతి ఎంత సులువో రాస్తాను. దీన్ని మీ ఇన్‌స్పెక్టర్లకూ, మన ఐటీఐ పిల్లలకూ ఒక పూటలో నేర్పవచ్చు. ముందు ఆయిల్ మట్టం చూడాలి. సర్వీసులో ఆయిల్ ఎక్కువ పోస్తే క్రాంకు దాన్ని చిలికి బ్రీదరులోకి ఎగదోస్తుంది, అప్పుడు తప్పు బ్రీదరుది కాదు. ఎయిర్ ఫిల్టరు చూడాలి. అది దుమ్ముతో పూడిపోతే ఇంజన్ టాపెట్ కవర్ వైపు నుంచి ఆయిల్‌ను పీల్చి ఫిల్టరు డబ్బాలో పోస్తుంది. తర్వాత గొట్టాలన్నీ చేత్తో తడిమి పగుళ్లు, మెత్తబడిన చోట్లు, నలిగిన వంపులు చూడాలి. కింది వైపు కనిపించని వంపులోనే చీలిక ఉంటుంది.

ఇవి సరిగా ఉంటే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టాన్ని యు ఆకారంలో ఒక చెక్కకు బిగించి, సగం దాకా నీళ్లు పోసి, ఒక కొసను గేజి గొట్టానికి గాలి పోకుండా తగిలించాలి. నీటి మట్టాల మధ్య ఒక సెంటీమీటరు తేడా అంటే దాదాపు ఒక మిల్లీబారు. వేడెక్కిన ఆరోగ్యమైన పెట్రోలు ఇంజన్‌లో, ఐడిల్‌లో నీళ్లు కొద్దిగా ఇంజన్ వైపుకు వాలాలి. 2,500 దాకా రేస్ చేసినా బయటికి తోసుకురాకూడదు. ఎంత వాలాలన్న కచ్చితమైన అంకె ఇంజన్‌ను బట్టి మారుతుంది, దానికి కంపెనీ మాన్యువల్ చూడాలి. డీజిల్ అంకెలు వేరు, వాటిని పెట్రోలుతో పోల్చకూడదు. రెండు జాగ్రత్తలు మరవకూడదు. కొన్ని ఇంజన్లలో గేజి గొట్టం కొస ఆయిల్‌లో మునిగి ఉంటుంది, అక్కడ ఈ కొలత తప్పు చెబుతుంది. అలాంటివాటికి ఆయిల్ మూత స్థానంలో రంధ్రం చేసిన పాత మూత పెట్టి కొలవాలి. రెండోది, డయాఫ్రం చిరిగిన ఇంజన్ నీళ్లన్నిటినీ లోపలికి పీల్చేయగలదు. అందుకని గొట్టం మధ్యలో ఒక ఖాళీ సీసా కట్టాలి.

నీళ్లు బయటికి తోస్తే వాల్వు, పైపులు శుభ్రం చేసి, లేదా మార్చి, మళ్లీ కొలవాలి. అప్పటికీ తోస్తేనే రింగుల మీద అనుమానం పెట్టుకోవాలి. అప్పుడైనా నేరుగా విప్పడం కాదు. ప్రతి సిలిండరు కంప్రెషన్ తీయాలి. తక్కువ వచ్చిన సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ తీయాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్. లీక్‌డౌన్ పరికరం ఉంటే ఇంకా మంచిది. సిలిండరులోకి గాలి ఎక్కించి చెవి పెట్టి వింటే సరిపోతుంది. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సరులో అయితే ఎగ్జాస్టు వాల్వు, థ్రాటిల్ దగ్గర అయితే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటరులో బుడగలు వస్తే గాస్కెట్. ఇవేవీ చేయకుండా ఇంజన్ దింపడమంటే థర్మామీటరు పెట్టకుండానే ఆపరేషన్‌కు రాయడం లాంటిది.

షెడ్లలో వాడుకలో ఉన్న పరీక్షలు పనికిరానివని నేను అనడం లేదు. ఐడిల్‌లో ఉన్న పెట్రోలు ఇంజన్ ఆయిల్ మూత తీసి ఒక కాగితం పెడితే అది మెల్లగా అంటుకోవాలి. ఎగిరిపోతే అనుమానించాలి. ఇది మంచి పరీక్షే. వాల్వు ఊపి గలగల చప్పుడు వినడం కూడా కొంత చెబుతుంది, ప్లంజరు కదులుతోందని. అయితే స్ప్రింగు సరైన బలంతో ఉందో లేదో ఆ చప్పుడు చెప్పదు. చూడ్డానికి ఒకేలా ఉండి లోపల రంధ్రం కొలత వేరైన వాల్వులు రాణిగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ దొరుకుతాయి. ఇంజన్‌కు రాసిన పార్టు నంబరు చూసే కొనాలి. ఇక డీజిల్ ఇంజన్ మూత వదులు చేసి అది ఎగిరెగిరి పడుతోందని బండి ధర తగ్గించడం అన్యాయం. లోపల తిరిగే క్యాము, గొలుసు కూడా గాలిని కొడతాయి, పీల్చే బలం అక్కడ లేదు. ఆ ఒక్క గంతుతో డీజిల్ ఇంజన్ ఆరోగ్యం తేలదు.

మూత లోపల తెల్లటి మీగడలాంటిది కనిపిస్తే హెడ్ గాస్కెట్ పోయిందని భయపెట్టడం ఇంకొకటి. హైదరాబాదులో ఆఫీసుకు, బడికి రెండేసి కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. బ్లో-బైతో వచ్చిన నీటి ఆవిరి వెళ్లిపోయే వీలులేక మూత కింద పేరుకుంటుంది. గ్యాసు మండినప్పుడు పెట్రోలు కన్నా నీటి ఆవిరి ఎక్కువ పుడుతుంది కాబట్టి సీఎన్‌జీ బళ్లలో ఇది మరింత కనిపిస్తుంది. కూలెంటు తగ్గుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న. తగ్గకపోతే బండిని హైవే మీద ఒక గంట నడిపి, బ్రీదరు చూసి, ఆయిల్ మార్చండి. షికాగోలోనో టొరంటోలోనో ఉన్న మనవాళ్లకు ఇది మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడి చలికి ఆ నీరు బ్రీదరు పైపులోనే గడ్డకట్టి దారి మూసేస్తే ఒత్తిడికి ఆయిల్ సీలే బయటికి వచ్చేస్తుంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది బ్రీదరు పైపు ఊడదీసి కిందికి వేలాడదీయడం. 'ఫిల్టరులోకి ఆయిల్ వస్తోంది, పైపు బయటికి వదిలేశాను, ఇక ఇబ్బంది లేదు' అని మెకానిక్కు చెబితే యజమాని సంతోషిస్తాడు. కొందరు దాని కొసకు ఒక ప్లాస్టిక్ సీసా కడతారు. కాలిఫోర్నియా ఆ గొట్టాన్ని వద్దని 60 ఏళ్లు దాటింది. మనం కొత్త బీఎస్-6 కారుకు మళ్లీ దాన్నే తగిలిస్తున్నాం. ఆ ఆవిరి ట్రాఫిక్‌లో పక్కన నిలబడ్డ మోటారుసైకిలు మనిషి ముఖానికి పోతుంది. ఏసీ బయటి గాలి తీసుకునే స్థితిలో ఉంటే అదే కారులో కూర్చున్న పసిపిల్లల ఊపిరిలోకి పోతుంది. ఫిల్టరులోకి ఆయిల్ ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఎప్పటికీ దొరకదు.

మెకానిక్కులను నిందించడానికి ఇదంతా రాయడం లేదు. మడ్డిలో చేతులు పెట్టి, ఎండలో నేల మీద పడుకొని పనిచేసే మనుషులు వాళ్లు. ఐటీఐ మోటారు మెకానిక్ ట్రేడులో ఉద్గారాల నియంత్రణ పాఠం కింద క్రాంక్‌కేస్ ఉద్గారాల ప్రస్తావన ఉంది. కానీ బోర్డు మీద బొమ్మ గీసి ముందుకు పోతే అది చేతికి అందదు. ఇక షెడ్డులోనే చిన్నప్పటి నుంచి పని నేర్చుకున్న వారికి ఆ బొమ్మ కూడా చేరదు. చూపించేవారు లేకపోవడం వాళ్ల తప్పు కాదు.

కమిషనర్ గార్లూ, కేంద్ర మోటారు వాహనాల నియమాలు మార్చే అధికారం మీ చేతుల్లో లేదని నాకు తెలుసు. మీ చేతుల్లో ఉన్నవే అడుగుతున్నాను. ఫిట్‌నెస్‌కు, రీ-రిజిస్ట్రేషన్‌కు వచ్చిన ప్రతి కారుకూ బానెట్ ఎత్తి బ్రీదరు పైపులు రెండు కొసలా తగిలించి ఉన్నాయో లేదో చూడమని మీ మోటారు వాహన ఇన్‌స్పెక్టర్లకు ఒక సర్క్యులర్ ఇవ్వండి. దానికి రెండు నిమిషాలు చాలు. ఊడదీసి ఉంటే తగిలించుకొని రమ్మని వెనక్కి పంపండి. ఇన్‌స్పెక్టర్ల శిక్షణలో నీళ్ల మానోమీటరు పరీక్షను చేర్చండి. పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో బ్రీదరు పైపు తనిఖీని చేర్చమని రెండు రాష్ట్రాల తరఫున కలిసి కేంద్ర రోడ్డు రవాణా శాఖకు రాయండి. ఉపాధి శిక్షణ శాఖతో మాట్లాడి, ఐటీఐ ప్రాక్టికల్స్‌లో ప్రతి విద్యార్థీ తన చేత్తో ఈ కొలత తీసి రికార్డులో రాసేలా చూడండి. ఆటోనగర్ల మెకానిక్కుల సంఘాలను పిలిచి ఒక రోజు శిక్షణ పెట్టండి. పిలిస్తే నాలాంటి రిటైరైన ఇన్‌స్ట్రక్టర్లు ఖర్చులు అడగకుండా వస్తారు.

వాహన యజమానులకు కూడా మీ శాఖ పేరుతో ఒక చిన్న ప్రకటన కావాలి. ఇంజన్ విప్పాలని చెప్పిన షెడ్డును మూడు అడగమని చెప్పండి: బ్రీదరు దారి శుభ్రం చేశారా, ఆ తర్వాత క్రాంక్‌కేస్ ఒత్తిడి ఎంత వచ్చింది, ఒక్కో సిలిండరు కంప్రెషన్ ఎంత. ఈ అంకెలు జాబ్ కార్డు మీద రాసి ఇస్తేనే పనికి ఒప్పుకోమని చెప్పండి. రాసి ఇవ్వడానికి వెనుకాడే చోట ఇంజన్ విప్పించవద్దని కూడా చెప్పండి.

మీ శాఖకు సొంత వాహనాలున్నాయి. ఈ పరీక్ష మొదట వాటి మీదే చేయించి, ఎన్నిటికి బ్రీదరు సరిగా ఉందో, ఎన్నిటికి లేదో ఆ పట్టికను జిల్లా రవాణా కార్యాలయాల నోటీసు బోర్డుల మీద పెట్టించమని కోరుతున్నాను.

ఇట్లు,
మోటారు మెకానిక్ ట్రేడు బోధించి రిటైరైన ఒక ఐటీఐ ఇన్‌స్ట్రక్టరు